'సాగిపో' నుంచి 'ఉన్నాం' దాకా: ఒక పాట మరమ్మతు

కేసు నేపథ్యం

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు బెజవాడలోకి వచ్చాయి. మళ్ళింపు కాలువ గట్లకు గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాయి. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. ఈ కేసులోని గాయని ఇల్లు ఆ మునిగిన కాలనీల్లో ఒకటి. ఏ కాలనీయో, ఆమె ఎవరో ఇక్కడ అవసరం లేదు. కొన్నేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. సినిమాలతో సంబంధం లేకుండా సొంతంగా పాటలు చేసుకుంటుంది. ఇల్లు మళ్ళీ నిలబడ్డాక, 'ఆగకుండా బతకడం' మీద ఒక పాప్ పాట చేసి డెమోతో మా స్టూడియోకి వచ్చింది.

పాటలో స్వరం బాగుంది, గొంతు బాగుంది. వరదలో ఉన్నవాళ్ళకే అది అంటడం లేదు. అందుకే ఈ కేసు రాసి పెట్టడం.

తెచ్చిన సమస్య

డెమో వివరాలు ఇవీ. నిమిషానికి 128 బీట్లు, నాలుగు బీట్ల తాళం, ప్రతి బీటుకీ కిక్ డ్రమ్. శ్రుతి ఆరు కట్టె (పాశ్చాత్య లెక్కలో ఏ), రాగఛాయ నటభైరవి (మైనర్ స్కేలు). హుక్, అంటే చెవిలో నిలిచిపోవాల్సిన ముక్క, ఇలా ఉండేది: 'సాగిపో సాగిపో, ఆగకు ఆగకు, పడి లేచే కెరటమై సాగిపో'. హుక్ చివర గొంతు తారస్థాయి పంచమం (పై 'ప') దాకా వెళ్ళేది.

దీన్ని ఆమె చుట్టుపక్కల ఇళ్ళలో ఆరుగురికి వినిపించి రెండే ప్రశ్నలు అడగమన్నాం. 'ఏ మాట గుర్తుంది?', 'ఈ పాట ఎవరు ఎవరితో అంటున్నారు?' బాగుందా అని మాత్రం అడగొద్దన్నాం. ఎదురుగా కూర్చున్న పిల్లతో బాగాలేదని మన దగ్గర ఎవరూ అనరు. మొదటి ప్రశ్నకు అందరూ 'సాగిపో' అన్నారు. రెండో ప్రశ్నకు ఒకాయన చెప్పిన జవాబుతో అసలు జబ్బు బయటపడింది: "ఎన్నికల జీపులోంచి వస్తున్నట్టుందమ్మా."

ఆయన అన్నది వాద్యాల గురించి కాదు, క్రియ గురించి. 'సాగిపో' విధ్యర్థకం. ఆజ్ఞ అన్నాక ఒకరు పైన నిలబడి చెప్తున్నట్టు, ఇంకొకరు కింద వింటున్నట్టు అవుతుంది. మోకాలి లోతు బురద ఎత్తిపోసిన మనిషిని పట్టుకుని 'ఆగకు' అంటే, ఆగే వీలు ఎవరికుంది అని ఎదురు ప్రశ్న పుడుతుంది.

రెండో లోపం ఉచ్చారణలో ఉంది. 'పడి లేచే'లో 'ప' మీద ఒకటిన్నర బీటు స్వరం పెట్టారు. హ్రస్వాన్ని అంత సేపు పట్టుకుంటే చెవికి 'పాడి లేచే' అని వినిపిస్తుంది. పడటం పోయి పాడటం వచ్చింది. ఆంగ్లంలో అచ్చును సాగదీసినా చాలాసార్లు మాట మారదు, తెలుగులో మారుతుంది. పల్లవి రాసేటప్పుడు ముందు స్వరం కట్టి తర్వాత మాటలు కూర్చేవాళ్ళు ఎక్కువగా పడే గుంట ఇదే.

ప్రయత్నించినవి, పనిచేయనివి

మొదట శబ్దంతో సరిచేద్దామనుకున్నాం. చివరి పల్లవిని ఒక స్వరం పైకి ఎత్తాం, వెనకాల స్ట్రింగ్స్ పరిచాం, పదహారు గొంతుల కోరస్ చేర్చాం. ఆలోచన ఏమిటంటే, పట్టుదల వినపడాలంటే పాట పెరుగుతూ పోవాలి. పాట పెరిగింది కూడా, కానీ గెలుపు పాటగా పెరిగింది. శ్రుతి పైకి లేస్తే శ్రోతకు అందే కబురు 'కష్టం అయిపోయింది' అని. కష్టం అయిపోలేదని, అయినా రోజు గడుస్తోందని చెప్పాల్సిన పాటలో ఇది అబద్ధం. పైగా గాయని అప్పటికే తారపంచమం దగ్గర అరుస్తోంది, ఇంకో స్వరం ఎత్తితే గొంతు పలచబడింది.

రెండోసారి సాహిత్యాన్ని బరువెక్కించాం. 'జీవన సమరం', 'ఆశల తీరం' లాంటి మాటలు వచ్చాయి. అవి తప్పు మాటలేం కావు. కానీ ఎవరి కథకైనా సరిపోతాయి, కాబట్టి ఎవరి కథా కాలేదు. ఆ ఆరుగురికీ మళ్ళీ వినిపిస్తే ఒక్క మాట కూడా గుర్తులేదన్నారు. డెమోలో కనీసం 'సాగిపో' గుర్తుంది.

మూడోది వార్తల శబ్దాలు: పడవ ఇంజను, హెలికాప్టరు, టీవీ యాంకరు గొంతు. ఒక పూటలో తీసేశాం. పాట మొదలవగానే విన్నవాళ్ళు ఆ రోజులకి వెళ్ళిపోయారు, మాటలు వినలేదు. టీవీ ఆడియోకు హక్కుల గొడవ కూడా ఉంటుంది. భయాన్ని గుర్తు చేయడం వేరు, భయం తర్వాతి రోజును చూపించడం వేరు. ఈ పాట రెండో దాని గురించి.

మలుపు

ఒక సిట్టింగ్ మధ్యలో గాయని తల్లికి ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. స్పీకర్‌లో "ఎలా ఉన్నారే అక్కా?" అని వినపడింది. తల్లి బియ్యం ఏరుతూనే, తల ఎత్తకుండా, "ఏముంది... ఉన్నాం" అంది.

మన దగ్గర బతుకు ఆగలేదని చెప్పడానికి జనం వాడే మాట ఇదే. 'ఏదో, ఉన్నాం.' అందులో గెలుపు లేదు, ఓటమి లేదు, సలహా లేదు. హుక్ అక్కడ దొరికింది. దాని దాకా శ్రోతను ఎలా నడిపించాలన్నదే మిగిలిన పని.

సాహిత్యం: అసమాపక క్రియలు

చరణాల్లో సమాపక క్రియ (వాక్యాన్ని ముగించే క్రియ) ఒక్కటి కూడా ఉండకూడదని నిర్ణయించాం. కడిగి, మోసి, తుడిచి, చూసి లాంటి క్త్వార్థకాలే (తర్వాత ఇంకో క్రియ రావాలనిపించే అసమాపక రూపాలే) ఉండాలి. కారణాలు మూడు.

'కడిగి' అని ఆపితే తెలుగు చెవి ఆగదు, 'కడిగి... ఏం చేశారు?' అని ఎదురుచూస్తుంది. అంటే కొనసాగడాన్ని మాటల్లో చెప్పక్కర్లేదు, వ్యాకరణమే లాక్కెళ్తుంది. రెండోది, క్త్వార్థకానికి పురుష లేదు, వచనం లేదు. కడిగింది నేనా, నువ్వా, వాళ్ళా తెలియదు. వినేవాడు తన పనిని అందులో పెట్టుకోవచ్చు. మూడోది పని మొదలుపెట్టాక తెలిసింది: రోజువారీ పనుల మాటలు చాలావరకు సరిగ్గా మూడు మాత్రలకు వస్తాయి. లేచి, మోసి, ఊడ్చి, కడిగి, తుడిచి, పెట్టి. హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు, ద్విత్వం ముందరి అక్షరానికి రెండు అని లెక్కేస్తే అన్నీ మూడే.

దాంతో తాళం కూడా తేలిపోయింది. 3+4 నడక, అంటే మిశ్రగతి. గురజాడ ముత్యాల సరం ఛందస్సు నడక ఇదే, మిశ్రచాపు తాళంలోనూ ఇదే. బడి పాటల నుంచి తెలుగు చెవికి అలవాటైన నడక కాబట్టి ఏడు మాత్రలంటే జనం బెదిరిపోతారన్న భయం అక్కర్లేదు. నాలుగు-నాలుగు కవాతు అడుగు. మూడు-నాలుగు కొంచెం కుంటుతుంది, కానీ ఆగదు.

ఒక పాదానికి 14 మాత్రలు. కానీ మాటలు పదికే అయిపోతాయి, చివరి నాలుగు మాత్రలు ఖాళీ:

గోడ (3) బురదను (4) కడిగి (3) — (4)
పాత (3) పరుపులు (4) మోసి (3) — (4)
ఫ్రిజ్జు (3) తలుపును (4) తీసి (3) — (4)
నీటి (3) గుర్తును (4) చూసి (3) — (4)

మూడో పాదం మీద గట్టి చర్చే జరిగింది. ఫ్రిజ్జు పాటలో ఏమిటి, తీసేద్దామని గాయని అంది. ఉంచమన్నాం. కరెంటు లేక పది రోజులు మూసి ఉన్న ఫ్రిజ్జు తెరిచిన వాసన ఆ కాలనీలో ప్రతి ఇంటికీ తెలుసు. వినిపించినప్పుడు అక్కడే ముఖాలు మారాయి, ఇద్దరు నవ్వారు. కవిత్వంగా వినపడే మాట కన్నా ముక్కుకు తగిలే మాట ఇక్కడ బలమైనది.

రెండో చరణం చివరి పాదం 'టీకి నీళ్ళను పెట్టి'. ఇంట్లోకి వచ్చినవీ నీళ్ళే, పొయ్యి మీద పెట్టినవీ నీళ్ళే. దీని గురించి పాటలో ఎక్కడా వివరించలేదు. వివరిస్తే చెడుతుంది.

ఇక హుక్: 'ఇక్కడే ఉన్నాం ఇంకా'. ఐదు, నాలుగు, నాలుగు మాత్రలు, మొత్తం పదమూడు, ఒకటి ఊపిరికి. ఏడు-ఏడుగా విడగొడితే 'ఇక్కడే ఉన్' మొదటి ఏడు, 'నాం ఇంకా' రెండో ఏడు. అంటే 'ఉన్నాం' అన్న మాట ఆవర్తం (తాళం ఒక చుట్టు) గీత దాటుతుంది, 'నాం' సరిగ్గా రెండో ఆవర్తం మొదటి దెబ్బ మీద పడుతుంది. 'న్న' ద్విత్వంలో 'న్' దగ్గర చిన్న బిగింపు ఉంటుంది, దాన్ని సాగదీయొద్దని గాయనికి చెప్పాం. సాగాల్సింది 'నా', మూసుకోవాల్సింది చివరి 'మ్'. పాడటం రానివాళ్ళు కూడా నోరు మూసుకుని ఆ 'మ్' పట్టుకోగలరు.

మొదటి చిత్తులో 'మేమింకా ఉన్నాం' అని ఉండేది. 'మేము' అంటే వినేవాడు బయట ఉండిపోతాడు. 'మనం' అంటే మునగని వీధిలో ఉన్నవాడిని కూడా చొరవగా కలిపేసుకున్నట్టవుతుంది. తెలుగులో 'ఉన్నాం' రెంటికీ ఒకటే రూపం. సర్వనామం తీసేస్తే లోపల ఉండాలో బయట ఉండాలో వినేవాడే తేల్చుకుంటాడు. ఈ కేసు మొత్తంలో అతి తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితం ఇచ్చిన మార్పు ఈ కొట్టివేత.

స్వరం, శ్రుతి, కార్డులు

శ్రుతి ఆరు నుంచి ఐదు కట్టెకు (జీ) దించాం. చరణం మంద్ర నిషాదం (కింది 'ని') నుంచి పంచమం లోపలే తిరుగుతుంది, హుక్ తారషడ్జం (పై 'స') దాటదు. అలసిన మనిషి మాట్లాడే స్థాయి అంతే. అరవడానికి చోటు లేకుండా చేస్తే గొంతులోని గరుకు దానంతట అదే బయటికి వచ్చింది.

రాగంలో ఒక్క స్వరమే మారింది. నటభైరవిలోని శుద్ధ ధైవతం తీసి చతుశ్రుతి ధైవతం (అర మెట్టు పైనున్న 'ద') పెడితే ఖరహరప్రియ ఛాయ వస్తుంది. నటభైరవితో పాట ఏడుస్తోంది. పూర్తిగా మేజర్‌కు మారిస్తే నగల దుకాణం ప్రకటన అయింది. ఆ ఒక్క ధైవతంతో గాంధారంలోని దిగులు అలాగే ఉండి పైన కాస్త వెలుతురు వచ్చింది. కార్డుల్లో (కలిపి మోగే స్వరాల గుంపుల్లో) చూస్తే ఐదు కట్టె మీద సీ మైనర్ పోయి సీ మేజర్ వస్తుంది, అంతే తేడా.

చరణం అంతా సీ, బీ ఫ్లాట్, ఎఫ్, సీ. 14 మాత్రలకు ఒక కార్డు. ఇంటి కార్డు అయిన జీ మైనర్ చరణంలో ఎక్కడా లేదు. క్రియ పూర్తికానట్టే కార్డూ ఇంటికి చేరదు. హుక్‌లో 'ఇక్కడే ఉన్' ఎఫ్ మీద నడిచి, 'నాం' దగ్గర మొదటిసారి జీ మైనర్ మోగుతుంది. అప్పుడు కూడా గొంతు షడ్జం మీద కాదు, పంచమం మీద ఉంటుంది. మొదటి మిక్స్‌లో షడ్జం మీదే దించాం. పాట అక్కడితో అయిపోయినట్టు అనిపించి రెండో చరణం అతుకులా మిగిలింది. పంచమానికి మార్చాక ఆ ఇబ్బంది పోయింది. షడ్జాన్ని చివరి హుక్‌కు దాచాం.

వేగం 128 నుంచి 92కి. ఒక మాత్రను అర బీటుగా లెక్కేస్తే 0.33 సెకను. ఖాళీ నాలుగు మాత్రలు 1.3 సెకన్లు, గాయని నిండుగా ఊపిరి పీల్చుకోవడానికి సరిపోతుంది. 84 దగ్గర సంతాప సభ అయింది. 100 దగ్గర 'కడిగి', 'మోసి' ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. 92 అంటే చేతిలో నిండు బకెట్ ఉన్న మనిషి నడక.

చీపురు

ఖాళీ నాలుగు మాత్రల్లో ఏం పెట్టాలి? తబలా పెడితే గజల్, డప్పు పెడితే ఊరేగింపు. తడి గచ్చు మీద చీపురు పెట్టాం. మెత్త చీపురుతో మొదట రికార్డు చేస్తే ఫోన్ స్పీకర్లో టీవీ సిగ్నల్ పోయినట్టు ఉత్త హిస్ వచ్చింది. కొబ్బరి ఈనెల చీపురుకు 3 నుంచి 6 కిలోహెర్ట్జ్ మధ్య గీసుకున్న చప్పుడు ఉంటుంది, అది చిన్న స్పీకర్లో కూడా తెలుస్తుంది. గచ్చు మీద మగ్గు నీళ్ళు చాలు. ఎక్కువైతే చప్పుడు 'ఛళ్'మని చిందుతుంది, తక్కువైతే పొడి గోకుడు వస్తుంది.

కండెన్సర్ మైకు 40 సెంటీమీటర్ల దూరంలో, ఊడ్చే దిశకు పక్కగా పెట్టాం. ఎదురుగా పెడితే తుంపర మైకు లోపలి పొరకి తగులుతుంది. 250 హెర్ట్జ్ కింద కోసేశాం, రివర్బ్ (గది మోత) వేయలేదు. రెండు చోట్ల తప్పు దొర్లింది. ఊడుపు శబ్దం మెల్లగా మొదలై మధ్యలో బలపడుతుంది. దాని మొదలును తాళం దెబ్బ మీద పెడితే ప్రతిసారీ ఆలస్యంగా వినిపించింది. ఆ రికార్డు ముక్కను దాదాపు 80 మిల్లీసెకన్లు ముందే మొదలయ్యేలా జరిపి, బలమైన చోటు దెబ్బ మీద పడేలా చేస్తే కుదిరింది. రెండోది, ఒకే ఊడుపును మళ్ళీ మళ్ళీ వాడితే యంత్రంలా ఉంది. తొమ్మిది ఊడుపులు రికార్డు చేసి మార్చి మార్చి వాడాం.

కిక్ మొదటి మాత్ర మీద, రిమ్ (డ్రమ్ అంచు దెబ్బ) నాలుగో మాత్ర మీద. అంతకు మించి డ్రమ్స్ లేవు.

గొంతు, మిక్స్

గొంతుకు నాలుగుకు ఒకటి నిష్పత్తిలో కంప్రెషన్ (గట్టి చోట్లను అణచడం), మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గేంత వరకే. ఊపిరి చప్పుళ్ళు కోయలేదు. కంప్రెషన్ తర్వాత మరీ పైకి లేచినవి మాత్రం నాలుగు డెసిబెల్స్ చేత్తో దించాం. 'చి', 'సి' అక్షరాలు చరణమంతా ఉండటంతో 6 కిలోహెర్ట్జ్ దగ్గర డీఎస్సర్ (ఆ బుస తగ్గించేది) తప్పలేదు.

పదహారు గొంతుల కోరస్ తీసేసి, హుక్‌లో ఇంట్లోవాళ్ళు ఇద్దరి గొంతులు కలిపాం. 'ఉన్నాం' బహువచనం, ఒక్క గొంతుతో వెలితిగా ఉంటుంది. వాళ్ళకు హెడ్‌ఫోన్లు ఇస్తే బెదిరి సన్నగా పాడారు. చిన్న స్పీకర్లో పాట వదిలి, మైకు వెనకవైపు స్పీకర్ ఉండేలా పెట్టి, మామూలుగా అనమన్నాం. శ్రుతి దిద్దలేదు. ప్రధాన గొంతుకన్నా 9 డెసిబెల్స్ కింద ఉంచాం.

మాస్టర్ (చివరి మిక్స్) మైనస్ 12 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినపడే గట్టితనం కొలత), ట్రూ పీక్ (అత్యధిక శిఖరం) మైనస్ 1. స్పాటిఫై, యూట్యూబ్ ఎలాగూ మైనస్ 14 దగ్గరికి దించుతాయి, ఇంకా గట్టిగా నొక్కితే చీపురులోని ఆ గీసుకున్న చప్పుడే చచ్చిపోతుంది. బేస్‌కు కాస్త శాచురేషన్ (పై పౌనఃపున్యాలు చేర్చే గరుకు) ఇచ్చాం, ఫోన్ స్పీకర్లో 200 హెర్ట్జ్ కింద ఏమీ మిగలదు కాబట్టి. చివరి పరీక్ష బందరు రోడ్డులో ఆటో స్పీకర్ మీద. అక్కడ 'గోడ' అన్న మాట 'ఓడ'గా వినపడింది. 'గ' మొదలును రెండు డెసిబెల్స్ లేపాం.

ఫలితం, గమనికలు

ఆ ఆరుగురికీ మళ్ళీ అవే రెండు ప్రశ్నలు వేయించాం. గుర్తున్న మాటకు నలుగురు 'ఉన్నాం' అన్నారు, ఇద్దరు 'ఫ్రిజ్జు' అన్నారు. 'ఎవరు ఎవరితో అంటున్నారు' అన్నదానికి, జీపు మాట అన్న ఆయనే కాసేపాగి, "మా ఇంట్లో ఫోన్లో అనుకున్నట్టుంది" అన్నారు.

ఇలాంటి పాటతో ఎవరైనా వస్తే ముందు పల్లవిలోని క్రియలన్నీ విడిగా కాగితం మీద రాయించండి. విధ్యర్థకాలు మూడు దాటితే స్వరం ముట్టుకోకముందే సాహిత్యం వెనక్కి పంపాలి. పొడుగు స్వరం కింద హ్రస్వం ఉందేమో చూడాలి. ఉంటే ఆ మాటను దెబ్బ నుంచి పక్కకు జరపాలి. రాగం మార్చేముందు ఒక్క స్వరం మార్చి చూడాలి. మిశ్రగతి అన్ని పాటలకూ మందు కాదు. ఇక్కడ మూడు మాత్రల మాటలు దాన్ని అడిగాయి కాబట్టి కుదిరింది. ఐదు మాత్రల 'ఆరేసి', 'కడిగేసి' ఎక్కువ ఉంటే ఖండగతి (ఐదు మాత్రల నడక) వైపు వెళ్ళాల్సి వచ్చేది.

తేలని ఇబ్బంది ఒకటుంది, వేదిక మీద. గుంటూరులో ఒక కార్యక్రమానికి రిహార్సల్ చేస్తే డ్రమ్మర్ రెండో చరణానికల్లా ఎనిమిదో మాత్ర కలిపేశాడు. క్లిక్‌లో (తాళం కోసం చెవిలో మోగే టిక్కులో) ఒకటి, నాలుగు మాత్రలకే మోత పెట్టి, 'తకిట తకధిమి' నోటితో అనిపించాక సర్దుకుంది. కీబోర్డు వాయించే అబ్బాయి మాత్రం పాదం చివర ఖాళీ కనపడగానే చిన్న ఫిల్ (ఖాళీ నింపే వాయింపు) వేస్తూనే ఉన్నాడు. అతని చార్టులో ప్రతి పాదం చివరి నాలుగు మాత్రల కింద ఎర్ర పెన్నుతో 'చీపురు' అని రాసి ఇచ్చాం.